ప్రేమానందం కుట్టుమిషను

చందర్లపాడు ప్రేమానందం కూలికెళ్ళి ఇద్దరు ఆడపిల్లల్ని ఒక్కడే సాకుతున్నాడు. భార్య జ్వరంతో పోయి రెండేళ్ళయింది. భర్త పోయిన పేద తల్లులకి ప్రభుత్వం కుట్టుమిషన్లిస్తోందని ఎనభై రెండులో ఎవరో చెబితే విని, నందిగామ పంచాయతీ సమితి ఆఫీసుకెళ్ళి ఆడవాళ్ళ వరసలో నిలబడ్డాడు.

"ఇది ఆడవాళ్ళకయ్యా," అంది ఆఫీసరు ప్రమీలారాణి.

"మా ఇంట్లో తల్లి పనీ నాదేనండి. నేను పొలానికి పోతే పిల్లల్ని చూసే దిక్కు లేదు. మిషనుంటే వాళ్ళ దగ్గరే కూర్చుని పని చేసుకుంటా."

"కుట్టడం వచ్చా?"

"రాదండి. నేర్పితే నేర్చుకుంటా."

అతని వెనక నిలబడ్డ పున్నమ్మ అనే ఆవిడ కల్పించుకుంది. "మా అందరికీ ఇచ్చాక మిగిలితే ఆయనకీ ఒకటివ్వండమ్మా. ఎవరి పిల్లలైనా పిల్లలేగా."

వరసంతా నవ్వింది. ప్రమీలారాణి కూడా నవ్వి, పై ఆఫీసర్లతో తనే మాట్లాడి ఒప్పించింది.

కుట్టు నేర్పే గదిలో మొదటి రోజు ప్రేమానందం తలెత్తలేకపోయాడు. నెల తిరిగేసరికి పున్నమ్మ "అన్నయ్యా, కత్తెర ఇటివ్వు" అనేంత చనువొచ్చింది.

ఇంటికొచ్చిన మిషను మీద క్రిస్మస్‌కి కూతుళ్ళిద్దరికీ గులాబీరంగు గౌన్లు కుట్టాడు. చిన్నదాని గౌనుకి ఒక చెయ్యి కాస్త పొడుగొచ్చింది. చర్చిలో ఎవరో ఆ పిల్లని "ఏ టైలరు కుట్టాడే?" అనడిగారు. అది ఆ పొడుగు చెయ్యే ఎత్తి, మగవాళ్ళ వైపు కూర్చున్న తండ్రిని గర్వంగా చూపించింది.

ఆ ఉదయం పాటల్లో అందరికన్నా ప్రేమానందం గొంతే పైకి వినిపించింది.