అక్క మంచం కింద ఇన్వర్టరు

తమ్ముడిది ఇళ్ళకు వైరింగు చేసే పని. చేతిలో వైరూ, నోట్లో మాటా రెండూ చుట్టలు చుట్టలుగా ఉంటాయి. ఎంత లాగినా తెగవు.

అక్కకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముక్కుకు ఆక్సిజన్ మిషను తగిలించుకుంటే తప్ప పూట గడవదు. ఒక్కసారి సముద్రం చూడాలనుందని ఆవిడ అంటే, లారీ నడిపే బావ పాత వ్యాను ఒకటి కొని, లోపల మంచం వేసి, మంచం కింద పెద్ద బ్యాటరీ దింపాడు. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు బిగించడం తమ్ముడి వంతు.

"అక్క అక్కరకు రాకపోతే తమ్ముడెందుకు బావా!" అంటూ వచ్చి, దాన్ని బ్యాటరీ పక్కనే పెట్టాడు. ఫ్యాను గుర్రుమంది. అక్క మొహం చిట్లించింది.

"ముక్కు దగ్గర ఒకటి మోగుతోంది చాలదూ? నడుం కింద ఇంకోటా?"

వెంటనే ఇన్వర్టరు వ్యాను వెనక డిక్కీలోకి పోయింది. బ్యాటరీ నుంచి అక్కడిదాకా, ఇళ్ళల్లో ప్లగ్గులకు వాడే సన్న తీగనే లాగాడు.

"కేబులు లావుగా, పొట్టిగా ఉండాలని డబ్బా మీద రాశార్రా," అన్నాడు బావ.

"లావుగా, పొట్టిగా నువ్వున్నావుగా, చాలు! ఇదే తీగ ఎన్ని మేడలెక్కించాను! ఓల్టు మీద ఒట్టు బావా, ఏం కాదు."

అక్క నవ్వబోయి దగ్గింది. "నవ్వించకురా. నవ్వుకీ గాలి ఖర్చే."

బల్బు పెడితే వెలిగింది. ఫోను పెడితే ఛార్జి ఎక్కింది. మిషను పెట్టి మాత్రం చూడలేదు. ఇంటి ప్లగ్గు మీద నడుస్తున్న దాన్ని, హాయిగా పడుకున్న మనిషి ముక్కు దగ్గర్నుంచి పీకడం దేనికని ఊరుకున్నాడు.

ముగ్గురూ వెళ్తున్న దారిలో, ఇంకాసేపట్లో సముద్రమనగా, డిక్కీలో ఇన్వర్టరు కీచుమని అరిచి ఆగిపోయింది. మిషనూ ఆగింది. తమ్ముడు తీగ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. బావ బండి ఆపి, అత్యవసరానికని తెచ్చిన సిలిండరు గొట్టం ఆవిడ ముక్కుకు పెట్టాడు.

తమ్ముడికి అప్పుడు వెలిగింది. బ్యాటరీకి ఓల్టులు తక్కువ. మిషను నడవాలంటే ఇంటి తీగలోకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగాలి. అంత కరెంటుకు సన్న తీగ వేడెక్కి, ఉన్న ఓల్టుల్లో కొన్ని దారిలోనే ఖర్చయిపోయాయి; మిగిలినవి ఇన్వర్టరుకు చాలలేదు.

"ఈ సిలిండరు ఎందాకా వస్తుంది?" అడిగింది అక్క.

"ఇంటిదాకా." ఈసారి తమ్ముడి నోట్లోంచి ఆ ఒక్క ముక్కే వచ్చింది.

బావ బండి వెనక్కి తిప్పాడు. కిటికీలోంచి ఉప్పుగాలి వస్తోంది. అక్కే చెయ్యి చాచి అద్దం మూసేసింది.

తరవాత తమ్ముడు ఇన్వర్టరును మళ్ళీ మంచం కిందికే తెచ్చాడు. బొటనవేలంత కేబులు, మూరెడు పొడవు. మిషను గడగడా నడిచింది. కానీ అప్పటికే, ఇక ప్రయాణాలు వద్దన్నాడు డాక్టరు.

ఇప్పుడు ఇంట్లో కరెంటు పోయినప్పుడల్లా బావ ఆవిణ్ణి ఎత్తుకొచ్చి వ్యానులో పడుకోబెడతాడు. కిటికీలోంచి ఎదురింటి గోడ కనిపిస్తుంది.

"ఒరేయ్, ఏదన్నా అనరా," అంది అక్క ఓ సాయంత్రం.

"గాలి ఖర్చన్నావుగా అక్కా."

"అవనీ."

అతను వంగి, మంచం కింద చెయ్యి పెట్టి కేబులు తడిమాడు. చల్లగానే ఉంది. అయినా చెయ్యి తియ్యలేదు.