రమక్క ఊదిన సెన్సర్

యాదగిరికి కాలు ఒక్క దగ్గర నిలవదు. పొద్దున చాయ్ తాగేటప్పుడు కూడ గిలాస పట్టుకొని వాకిట్ల తిరుక్కుంటనే తాగుతడు. తాగినంక కారు స్టార్ట్ చేస్తడు. పన్నెండేండ్ల కింది బండి, కిరాయికి తిప్పుతడు. నెల రోజుల సంది అది నల్లటి పొగ కక్కుతున్నది, పెట్రోలు నీళ్ళ లెక్క తాగుతున్నది, ఇంజన్ బొమ్మున్న పసుపు లైటు ఆరుతనే లేదు. వాళ్ళక్క రమ రోజూ ఆ పొగల నుంచే కొత్తిమీర మూట ఎత్తుకొని ఎంకపల్లి రోడ్డు మీదికి షేరాటో కోసం పోతది. యాదగిరి రోజూ బండిని తిడతడు.

ఆ బేస్తవారం మాత్రం రమ మూట కట్టలేదు, మంచి చీర కట్టింది. పన్నెండు గంటలకు చేవెళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసుల స్లాటున్నది. వాళ్ళ రెండెకరాలు ఒక్క బిట్టుగ ఇస్తేనే కొంటమని ప్లాట్లు చేసేటోళ్ళు అన్నరు. అండ్ల అర్ధెకరం రమది. అత్తగారింటితోని తెగిపోయి ఆమె తిరిగొచ్చిన యాడాది బాపు ఆమె పేరు మీద రాసిచ్చి పోయిండు. పదకొండేండ్ల సంది అండ్ల కొత్తిమీర, పుదీన ఏస్తది. "అమ్ముదమా అక్కా?" అని యాదగిరి అడిగితే "నీ ఇష్టం తమ్మీ" అన్నది. రమ ఎన్నడు దేనికి వద్దన్నది గనుక! యాదగిరి అప్పుడే రెండు కొత్త బండ్లకు రంగులు కూడ ఎంచుకున్నడు.

మొయినాబాద్ దాటకముందే కారు దగ్గి దగ్గి ఆగింది. అదృష్టం బాగుండి పాండు షెడ్డు ముందటనే ఆగింది. పాండు పాత బండ్లు విప్పి సామాన్లు అమ్ముతడు, బిగిస్తడు కూడ. స్కానర్ పెట్టి చూసి పెదవి విరిచిండు.

"ఆక్సిజన్ సెన్సర్ పోయింది తమ్మీ. బండికి ముక్కన్నట్టు అది. పొగల గాలి ఎంత మిగిలిందో చూసి ఇంజన్‌కు చెప్తది. నీ బండికి వైడ్‌బ్యాండ్‌దే కావాలె."

"మామూలుది పెట్టరాదే?"

"నడవది. మామూలుది గాలి ఎక్కువున్నదా తక్కువున్నదా, అంతే చెప్తది. ఇదైతే ఎంత తక్కువున్నదో కూడ పసిగడతది. కొత్తది తెప్పియ్యాల్నా?"

"కొత్తది కొనాలంటే బండే అమ్మాలె. పాతది చూడన్నా, జర జల్ది."

పాండు డబ్బాల చెయ్యి పెట్టి ఒకటి తీసిండు. నంబరు కలిసింది. వైర్లకు మీటర్ పెట్టి చూపిచ్చిండు. "జన్వాడ కాడ గోడకు గుద్దుకున్న బండిది. కొస మీద మసి లేదు, వైరు తెగలేదు."

"తుమ్మితే ఊడిపోయే ముక్కు కాదు గద?"

"ఊడితే నాది పెడత, నడువు!"

బండిల ఉన్న పోయిన సెన్సర్ తుప్పు పట్టి కూసున్నది. పాండు దాని మీద తుప్పు మందు కొట్టి, నానేదాక బీడీ ముట్టిచ్చిండు. యాదగిరి షెడ్డు చుట్టు ఏడు సార్లు తిరిగిండు. రమ స్టూలు మీద కూసొని కొంగు కొస మెలిపెట్టుకుంట ఉన్నది. చివరికి అది కీచుమని ఊడింది. పాండు డబ్బాల నుంచి తీసినదాని మరలకు పేస్టు రాసి, కొసకు అంటకుండ తుడిచి, యాదగిరి మూతి ముందట పెట్టిండు.

"ఊదు."

ఇది ఆ దిక్కు అందరికి తెలిసిన ముచ్చటనే. పాత సెన్సర్‌కు పాత ఓనర్ ఊపిరే అలవాటై ఉంటది. బిగిచ్చే ముందు కొత్త ఓనర్ మూడు సార్లు ఊదాలె, అప్పటి సంది బండి వాళ్ళ ఊపిరితోని నడుస్తది. హిమాయత్‌నగర్‌ల ఒకాయన ఊదకుండ బిగిపిచ్చుకుంటే, పాత ఓనర్‌కున్న దమ్ము బండికొచ్చి చలికాలమంత ఆయాసపడ్డది.

సరిగ్గ అప్పుడే కొనేటోళ్ళ ఫోనొచ్చింది. యాదగిరి ఫోను చెవుల పెట్టుకొని, "అక్కా, జర నువ్వు ఊదే" అన్నడు.

"బండి నీదా, అక్కదా?" పాండు అడిగిండు.

"ఎవరిదైతేంది? ఒక్క కడుపున పుట్టినోళ్ళం, ఊపిరి ఒకటే గద!"

రమ మూడు సార్లు ఊదింది. పాండు బిగిచ్చిండు. లైటు ఆరింది, పొగ ఆగింది. కారు మెత్తగ ముందుకురికింది, యాదగిరి సీటీ కొట్టిండు.

చేవెళ్ళ దగ్గర పడుతున్న కొద్ది బండి ఆయాసపడుడు మొదలుపెట్టింది. గేరు మార్చినా లాగలేదు. మళ్ళ కొనేటోళ్ళ ఫోను. "ఆధార్ తెచ్చిండ్రా? మీ అక్క సంతకం పెడతది గద?"

"పెడతది. పెడతవు గదనే అక్కా?"

"పెడత తియ్" అన్నది రమ నవ్వుకుంట. బండి టక్కున ఆగింది. పసుపు లైటు మళ్ళ ఎలిగింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు గేటు ఎదురుంగ కనబడుతున్నది, స్లాటుకు ఇంక పది నిమిషాలున్నది.

యాదగిరికి పిచ్చి లేసినట్టయింది. తాళం తిప్పిండు, తిప్పిండు, బండి ఉలకలేదు. పాండుకు ఫోన్ కొట్టి, "ఏం సెన్సర్ పెట్టినవే! నా కొంప ముంచినవ్!" అని ఒర్రిండు.

"సెన్సర్ మంచిగనే ఉన్నది. ఊదింది ఎవరు? అక్కకు ఊపిరాడకుంటే బండికెట్ల ఆడుతది? బానెట్ కాదు తమ్మీ, ఆమె మొఖం చూడు."

చూసిండు. రమ పెదవులు నవ్వుతనే ఉన్నయి. మెడ నరాలు మాత్రం ఉబ్బినయి, చీర కొంగు పిడికిట్ల నలిగిపోయింది.

"అక్కా, నీకు ఇష్టమేనా?"

"ఇష్టమేరా, పోదాం పా. నడిచి పోదాం, ఎంత దూరం?" అన్నది గని, ఆ మాట అనేలోపే ఆమెకు దగ్గు తెర వచ్చింది.

"నిజం చెప్పక్కా! ఒట్టు, నీకేమైతున్నది?"

"నాకిష్టం లేదురా!" అని కేకేసింది రమ. జన్మల అంత గట్టిగ ఆమె మాట్లాడింది లేదు. "నీ ఇంట్ల తింటున్న, నీ ఇంట్ల పంటున్న, ఎట్ల వద్దందు? ఆ అర్ధెకరం పోతే పొద్దున లేచి నేనెక్కడికి పోవాలెరా?"

తాళం ముట్టకుండనే ఇంజన్ లేసింది.

యాదగిరి దిగిండు. గేటు దాక పోయిండు, ఎనుకకొచ్చిండు, టైరును తన్నిండు, మళ్ళ పోయిండు. రెండు కొత్త బండ్లు కండ్ల ముందర తిరిగినయి. కొనేటోళ్ళకు ఫోన్ చేసి, "మా అక్క అర్ధెకరం ఇడిచిపెట్టి మిగిలింది తీసుకుంటరా?" అని అడిగిండు. వాళ్ళు నవ్వి, మొత్తమైతే రమ్మన్నరు, లేకుంటే లేదన్నరు. "అయితే లేదు" అన్నడు. ఫోను జేబుల కుక్కి, మోచేత్తోని కండ్లు తుడుచుకున్నడు.

వచ్చి స్టీరింగ్ ముందట కూసొని బండి ఇంటి దిక్కు తిప్పిండు. రమ మెల్లగ అడిగింది.

"కోపమొచ్చిందా తమ్మీ?"

"వచ్చింది. శానొచ్చింది. రేపటి దాక నేను మాట్లాడ."

రమ తల దించుకున్నది.

"నేను మాట్లాడనంటున్న గని," అన్నడు యాదగిరి, రోడ్డు మీది నుంచి కండ్లు తియ్యకుండ, "నువ్వు మాట్లాడు."

రమ కిటికీ అద్దం దించింది. ఇన్నేండ్ల సంది ఎవరికీ చెప్పంది, అత్తగారింట్ల మొదటి రోజు ఏం జరిగిందో చెప్పుడు మొదలుపెట్టింది.