వెనక్కి పెట్టిన తేదీ

కంప్యూటర్‌లో అప్‌డేట్ ఎక్కడం లేదని బావమరిది మూడుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లు అతను ఎత్తలేదు. మూడోసారి ఎత్తి "చెప్పు" అన్నాడు. భార్య పోయినప్పుడు పడ్డ గొడవ తర్వాత ఎనిమిది నెలలకి బావమరిదితో అతనన్న మొదటి మాట అదే.

"బావా, ఇద్దరొచ్చి చూశారు. ఇద్దరూ చేతులెత్తేశారు. ఒకటో తారీకు నుంచి పెద్దాసుపత్రి పరీక్షలు మన ల్యాబుకే వస్తున్నాయి. పాత సిస్టమయితే వాళ్ళ సైటు తెరుచుకోదట. ఇంకా మూడు రోజులే ఉంది."

"రేపు పొద్దున వస్తా."

"అక్క ఉండుంటే ఈపాటికి నిన్ను..."

"అక్క ఊసెత్తావంటే రాను."

ఫోన్ పెట్టేశాడు. వెళ్ళేది అప్‌డేట్ కోసం కాదని అతనికి తెలుసు.

వీధిలో అతన్ని అందరూ పెట్టెల డాక్టరు అంటారు. చదివింది పల్లెబడిలో పదో తరగతి దాకా. రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు దాటి, కంప్యూటర్ల దాకా వచ్చాడు. అన్నిటినీ పెట్టె అనే అంటాడు. పెట్టె అబద్ధం చెప్పదు, చెబితే దాని వెనక మనిషి ఉంటాడు అన్నది అతని నమ్మకం. బావమరిది మాత్రం ఆ మాటలో సగమే పట్టుకున్నాడు. కిందటి ఏడాది ఆగస్టులో అక్క కాళ్ళు వాచి వస్తే తన ల్యాబులోనే రక్తం తీయించి, రిపోర్టు చేతిలో పెట్టి, "కిడ్నీలు గుండ్రాళ్ళలా ఉన్నాయక్కా, నువ్వు నూరేళ్ళు బతుకుతావ్" అన్నాడు. అక్టోబరులో మళ్ళీ తీస్తే మళ్ళీ అదే మాట. నవంబరులో ఆమె మంచం దిగలేకపోయింది. పెద్దాసుపత్రి డాక్టరు కాగితాలు తిరగేసి, "ఇంత పాడవడానికి నెలలు పట్టి ఉండాలే. రక్త పరీక్ష చేయించలేదా?" అని అడిగాడు. రెండు రిపోర్టులూ చూపించారు. డాక్టరు వాటిని చూసి, మడిచి తిరిగిచ్చేశాడు. డిసెంబరులో ఆమె పోయింది.

"నీ రిపోర్టు తప్పు" అని అతను అప్పుడే బావమరిదిని నిలదీశాడు. "మెషిన్ అబద్ధం చెప్పదు బావా. నువ్వే కదా అంటావు" అన్నాడు వాడు. నలుగురూ వాడి పక్షానే మాట్లాడారు. బావ బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అనే సామెత ఒకటి చెప్పి ఓదార్చబోయారు. సొంత తమ్ముడు అక్కకి కీడు తలపెడతాడా అన్నారు. అతని దగ్గర రుజువేమీ లేదు. ఇప్పుడు వాడే పిలిచి ఆ మెషిన్ ముందు కూర్చోబెడుతున్నాడు.

ల్యాబు రెండు గదులు. ముందు గదిలో బెంచీలు, కౌంటరు, రిపోర్టులు టైపు చేసే కంప్యూటరు. వెనక గదిలో రక్తం పరీక్షించే మెషిన్, దాన్ని నడిపే ఇంకో కంప్యూటరు, ఒక ఫ్రిజ్. స్పిరిట్ వాసన. పేర్లంటించిన గాజుగొట్టాలు స్టాండులో వరసగా నిలబడి ఉన్నాయి. అక్కడ పనిచేసే నలభై ఏళ్ళ ఆవిడని ఇంజక్షనుకు ఏడ్చే పిల్లలు సూదమ్మ అని పిలిచి పిలిచి అదే పేరు చేశారు.

"రండన్నయ్యా" అంది సూదమ్మ కుర్చీ తుడుస్తూ. "చిక్కిపోయారు."

"పని చూపించు."

ఆమె పక్కకి జరిగింది.

వెనక గది కంప్యూటరు ముందు కూర్చుని, మొదట డిస్కులో ఖాళీ చూశాడు. సగానికి పైగా ఖాళీయే. అప్‌డేట్ సర్వీసు ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. ముందొచ్చిన ఇద్దరూ సగం సగం దించి వదిలేసిన ఫైళ్ళు ఒక ఫోల్డరులో గుట్టగా పడున్నాయి. అవి తుడిచేసి మళ్ళీ నొక్కాడు. సున్నా దగ్గర గీత కాసేపు కొట్టుకుని, ఎర్ర అక్షరాల్లో లోపం నంబరు చూపించి ఆగిపోయింది.

"పొద్దున్నించీ మేం కొట్టినా అంతేనన్నయ్యా" అంది సూదమ్మ. "మొన్నొచ్చినాయన దీనికి వయసైపోయింది, మార్చేయమన్నాడు."

"వయసైపోతే మార్చేయడమేనా? అలా అయితే నన్నూ నిన్నూ ఎప్పుడో మార్చాలి."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

నెట్ సరిగానే ఉంది. కానీ ఏ సైటు తెరిచినా ఇది నమ్మదగింది కాదు, ముందుకు పోవద్దు అంటోంది. ఒక సైటయితే సరే. లోకంలో ఉన్న సైట్లన్నీ ఒకేసారి దొంగలయిపోవు. ఊళ్ళో అందరూ వంకరగా కనబడితే వంకర చూసేవాడి కంట్లో ఉంటుంది. అతను తెర మూలకి చూశాడు. పది గంటల ఇరవై నిమిషాలు. తన చేతి గడియారంలోనూ అంతే. వేలు గంటల మీంచి తేదీ మీదకి జరిగింది.

ఏప్రిల్ ఇరవై తొమ్మిది.

బయట ఆగస్టు ఇరవై తొమ్మిది. ముందొచ్చిన ఇద్దరూ గంట చూశారు, నెల చూడలేదు. గడియారం కేసి చూసేవాడెవడూ నెల చూడడు. పెట్టెలో తేదీ నెలలు వెనకబడితే బయటివాళ్ళు చూపే గుర్తింపు పత్రాలు దానికి చెల్లవు. వాళ్ళ దగ్గర్నుంచి ఏమీ తీసుకోదు.

లోపల గడియారాన్ని నడిపే బిళ్ళ బ్యాటరీ చచ్చిందనుకుని జేబులో కొత్తది తడిమాడు. తీయబోయి ఆగిపోయాడు. బ్యాటరీ చస్తే తేదీ పెట్టె పుట్టిన ఏడాదికి పోయి కూర్చుంటుంది. గంటలూ పోతాయి. ఇలా నిమిషం తేడా లేకుండా, కొలత పెట్టి కోసినట్టు నాలుగు నెలలు వెనక్కి పోదు. ఇది పెట్టె రోగం కాదు, చేతి పని.

ఆగస్టు పెట్టాడు. అప్‌డేట్ నొక్కాడు. గీత కదిలింది. నాలుగు శాతం. తొమ్మిది శాతం.

అదే క్షణంలో మెషిన్ కీచుమంది. తెర మీద ఎర్ర పట్టీ వచ్చింది: కిట్ గడువు ముగిసింది. పరీక్ష జరగదు.

"అయ్యో, తేదీ ముట్టుకోకండన్నయ్యా!" అంది సూదమ్మ. అన్నాక నోటి మీద చెయ్యి పెట్టుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరని ఇంకా ఎవరూ అడగలేదు. ఆవిడ భుజాలు తడిమేసుకుంది.

కిట్ అంటే రక్తంలో కలిపే మందు సీసాల పెట్టె. అతను లేచి ఫ్రిజ్ తెరిచాడు. కిడ్నీ పరీక్ష కిట్ల మీద మే నెలాఖరు గడువు. ఒక దాని మీద ఏప్రిల్ నెలాఖరు.

"గడువయిన మందుతో చేస్తే ఏమొస్తుంది?"

"ఒక్కోసారి సరిగ్గానే వస్తుంది."

"ఒక్కోసారి?"

"తక్కువ చూపిస్తుందన్నయ్యా. ఉన్న జబ్బు కనబడదు." ఆమె నేల చూస్తూ అంది. "అయ్యగారికి చెప్పాను. ఉన్నవి అయిపోనీ అన్నారు."

అతను మళ్ళీ కూర్చున్నాడు. ఎవరు తేదీ మార్చినా పెట్టె లోపల ఒక లైను రాసుకుంటుంది, ఏ తేదీ నుంచి ఏ తేదీకి అని. మార్చినవాళ్ళకి అది తెలియదు. ఆ జాబితా తెరిచి కిందకి లాగాడు. జులై, జూన్, మే. వెనక్కి ఒకసారి, ముందుకి ఒకసారి, వెనక్కి మళ్ళీ. అక్టోబరు పద్నాలుగు వచ్చింది. పొద్దున తొమ్మిదీ పదికి రెండు నెలలు వెనక్కి. ఇంకా లాగాడు. ఆగస్టు తొమ్మిది. ఎనిమిదీ యాభైకి నెల వెనక్కి. ఆ పూట ఆమె ఏమీ తినకుండా వచ్చి, ఆ ముందుగది బెంచీ మీద కూర్చుని, రక్తమిచ్చాక కళ్ళు తిరుగుతున్నాయని అతని భుజం పట్టుకుంది. ఆ రెండు తేదీలూ అతనికి కంఠతా వచ్చు.

ఎనిమిది నెలలుగా వెతుకుతున్నది దొరికింది. ఊరట కలుగుతుందనుకున్నాడు. కలగలేదు.

"ఎక్కుతోందా బావా?" అంటూ బావమరిది వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు కాఫీ కప్పులు. ఎర్ర పట్టీ చూశాడు, సూదమ్మ మొహం చూశాడు. కప్పులు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు.

"ఆగస్టు తొమ్మిదిన మీ అక్క రక్తం ఏ కిట్‌తో చేశావురా?"

"బావా, అది..."

"నీళ్ళు నమలకు."

"అందరూ చేసేదే బావా. గడువు దాటిన మర్నాడే మందు చచ్చిపోతుందా? అక్కకని వేరే ఏం చేశాను? అందరికీ వాడిందే అక్కకీ వాడాం."

"అందరికీ వాడిందే అక్కకీ. ఎంత న్యాయమైన తమ్ముడివిరా."

"నేను కావాలని చేశానా? నా రక్తం కాదా అది?"

"నీ రక్తమైతే కిట్ గడువు చూసుకునేవాడివి. కొత్త కిట్ పెట్టడానికి చేతులు రాలేదు, తేదీ మార్చడానికి మాత్రం వచ్చాయి. దొంగవెధవా, ఎవడు నేర్పాడ్రా నీకీ విద్య?"

బావమరిది సూదమ్మ కేసి చూశాడు. సూదమ్మ పెట్టెల డాక్టరు కేసి చూసింది, తిట్టినట్టు కాదు, జాలిగా. ముందుకొచ్చి కీబోర్డు ఎత్తింది. దాని అడుగున ప్లాస్టరుతో అంటించిన చీటీ ఉంది. పాతబడి పసుపు రంగు తిరిగింది.

తేదీ వెనక్కి పెట్టు పద్ధతి అని పైన. కింద నాలుగు వరసలు, అంకెలు వేసి. ఎక్కడ నొక్కాలో, ఏం మార్చాలో. చివర: పని అయ్యాక మళ్ళీ ముందుకు పెట్టుము, మరువకుము.

పల్లెబడి పంతులు బెత్తం పట్టుకుని దిద్దించిన గుండ్రటి అక్షరాలు. అతనివే.

"మీరే కదన్నయ్యా రాసిచ్చారు" అంది సూదమ్మ. "ల్యాబు పెట్టిన కొత్తలో."

గుర్తొచ్చింది. ఆరేళ్ళయింది. మెషిన్ నడిపే సాఫ్ట్‌వేర్ డబ్బు కట్టకుండా నెల రోజులే పనిచేస్తుంది. ముప్పయ్యో రోజున ఆగిపోతే బావమరిది ఏడుపు మొహంతో వచ్చాడు. అతను ఐదు నిమిషాల్లో తేదీ వెనక్కి పెట్టి నడిపించాడు. అంతటితో ఊరుకోక, తను లేనప్పుడు కూడా పని జరగాలని కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. భార్య పక్కనే ఉంది. "మా ఆయన కాలాన్నే వెనక్కి తిప్పుతాడు, నువ్వు చూస్తూ ఉండు" అని తమ్ముడితో గొప్ప చెప్పుకుంది. అతనికి అప్పుడు గాలి మీద నడిచినట్టుంది. తర్వాత మరిచిపోయాడు. దారిన పోయేవాడికి దారి చూపించి మరిచిపోయినట్టు.

బావమరిది మొహంలోకి రంగు తిరిగొచ్చింది. కాఫీ కప్పులు బల్ల మీద పెట్టాడు.

"చూశావా బావా? నిన్నని ఏం లాభం, నన్నని ఏం లాభం? పోయినామె రాదు. నా మాట విను. ఈ పెట్టె మొత్తం తుడిచెయ్యి. కొత్తగా ఎక్కించు. అప్‌డేటూ ఎక్కుతుంది, ఆ జాబితా కూడా పోతుంది. ఆ చీటీ నేనే చింపేస్తాను. ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉంటుంది."

చెయ్యి చాచాడు. అతను చీటీ ఒలిచి తన జేబులో పెట్టుకున్నాడు.

"సూదమ్మా, ఈ పెట్టెలో కిందటి ఏడాది నుంచీ చేసిన పరీక్షలన్నీ ఉంటాయి కదా?"

"ఉంటాయి."

"తేదీ వెనక్కి పెట్టిన రోజుల్లో కిడ్నీ పరీక్ష చేయించుకుని, బాగుందని రాయించుకున్నవాళ్ళెంతమంది?"

ఆమె వెతికింది. "నూట పదమూడు మంది."

"ఫోన్ నంబర్లతో పట్టీ అచ్చు తియ్యి. బయట బెంచీల మీదున్నవాళ్ళని వేరే చోటికి పొమ్మను."

"బావా, పిచ్చెక్కిందా?" బావమరిది తలుపుకు అడ్డం నిలబడ్డాడు. "లోపల పడేస్తారు. నన్నొక్కణ్ణే కాదు, నిన్నూ."

"ముందు నన్ను. వరసకి పెద్దవాణ్ణి కదా."

"అక్క ఉంటే ఇలా చెయ్యనిచ్చేదా?"

"లేకుండా చేశాం కదరా, ఇద్దరం కలిసి. ఇప్పుడు ఆవిడ్ని అడ్డం పెట్టకు. తప్పుకో."

వాడు తప్పుకోలేదు. సూదమ్మే వాణ్ణి భుజంతో నెట్టుకుని ముందు గదిలోకి పోయి, ఇవాళ పరీక్షలు లేవని కేకేసింది. బెంచీలు కదిలిన చప్పుడు. ఎవరో సణిగారు. అప్‌డేట్ నూరు శాతమయి కంప్యూటర్ ఆరిపోయి మళ్ళీ వెలిగింది. దాని కేసి ఎవరూ చూడలేదు. కాసేపటికి బావమరిది గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. ఏడుస్తున్నాడు. అతను వాడి మీంచి దాటి, సూదమ్మ అచ్చు తీసిన పట్టీ అందుకుని, ఫోన్ తీశాడు.

మొదటి నంబరు ఒక ఆటో డ్రైవరుది. "మీ రిపోర్టు తప్పండీ. వేరే ల్యాబులో మళ్ళీ చేయించుకోండి. ఇవాళే." "మంచి మాట చెప్పారు సార్, చల్లగా ఉండండి" అన్నాడు డ్రైవరు. ఆ దీవెన అతనికి చెంపదెబ్బలా తగిలింది. రెండో నంబరు పనిచెయ్యడం లేదు. మూడోది ఒక ముసలావిడ. చెప్పింది అర్థంకాక రెండుసార్లు చెప్పించుకుని, కోడలికి ఇచ్చింది. కోడలు నోరారా తిట్టింది. తిట్లన్నీ అయ్యేదాకా విన్నాడు.

నాలుగో నంబరు పట్టీలో ఒక ఆడమనిషి పేరు మీద ఉంది. ఎత్తింది మగగొంతు.

అతను చెప్పాల్సింది చెప్పాడు.

"ఆవిడ పోయి నెల దాటిందండీ" అంది ఆ గొంతు. "కిడ్నీలే. మీ రిపోర్టు చూసి మందులు కూడా మానిపించాను. నేనే."

అతను ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాడు.

"ఎలా తప్పొచ్చింది?"

"గడువయిన మందు వాడారు. మెషిన్‌లో తేదీ వెనక్కి పెట్టి."

"ఎవరు పెట్టారు?"

"పెట్టడం నేర్పింది నేను."

అవతల ఊపిరి వినబడుతోంది, మెట్లెక్కుతున్న మనిషి ఊపిరిలా.

"ఎక్కడున్నావు నువ్వు?"

ల్యాబు ఏ వీధిలో ఉందో, ఏ షాపు పక్కనో చెప్పాడు.

"వస్తున్నా. అక్కడే ఉండు."

"ఉంటాను" అన్నాడు పెట్టెల డాక్టరు. ఆ పేరు పక్కన గీత గీసి, ఐదో నంబరు నొక్కాడు.