కట్ట కింద సైటు

అప్పాజీ తన బోటింగ్ చెరువు చూడ్డానికి రమ్మని పిలిచినప్పుడే హైమకి అనుమానం వచ్చింది. ఇన్నేళ్లూ లేని ప్రేమ ఈ మనిషికి ఇప్పుడెందుకు పుట్టిందా అని.

అప్పాజీ, హైమ భర్త సూర్యప్రకాశం కాలేజీలో కలిసి చదువుకున్నారు. అప్పాజీకి మండపేటలో రైసుమిల్లు ఉంది. రెండువేల మూడులో కోరుకొండ అవతల మెట్ట మీద, కొండల్లోంచి వచ్చే ఒక వాగుకి అడ్డంగా మట్టికట్ట పోయించి చిన్న డ్యామ్ కట్టాడు. సేద్యం కోసం కాదు, సరదా కోసం. నీళ్లలో పెడల్ బోట్లు, ఒడ్డున గొడుగుల కింద కుర్చీలు, పక్కనే టిఫిన్ హోటలు. ఆదివారం వస్తే రాజమండ్రి నుంచే కాదు, రావులపాలెం నుంచి కూడా పిల్లాపాపలతో కార్లు దిగేవి.

హైమ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసేది. సూర్యప్రకాశం కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవాడు. దానవాయిపేటలో అద్దెకుంటూ సొంతింటి కోసం వెతుకుతున్నారు. ఆ సంగతి అప్పాజీకి తెలుసు. డ్యామ్ కట్టిన మరుసటి ఏడాది ఎండాకాలంలో ఇద్దర్నీ కారెక్కించుకుని తీసుకెళ్లాడు.

గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంది. ఇంజనీర్లు తనిఖీ చేసిన డ్యామ్ అనీ, ప్రమాదస్థాయి తక్కువ అనీ ఎర్ర అక్షరాలతో రాయించారు.

"రిటైర్డ్ ఇంజనీరు శశిభూషణ్‌గారి చేత రేటింగ్ వేయించాను చెల్లెమ్మా," అన్నాడు అప్పాజీ. "ప్రమాదం 'లో' అని ఇచ్చారు. అంటే భయం లేదని. ఈ చుట్టుపక్కల ఎవరి చెరువుకీ రేటింగే లేదు."

బోటు ఎక్కేటప్పుడు ఆ మాట మళ్లీ అన్నాడు. టిఫిన్ తినేటప్పుడు ఇంకోసారి అన్నాడు. ఎవరూ అడక్కుండానే ఇన్నిసార్లు చెబుతున్నాడేమిటి అనుకుంది హైమ.

తర్వాత కట్ట అవతలికి దింపాడు. అక్కడ జీడిమామిడి తోట కొట్టించి చదును చేశారు. సరిహద్దు రాళ్లు పాతారు. కట్టకి అన్నిటికన్నా దగ్గరగా ఒక ఇంటికి గోడలు లేచి ఉన్నాయి.

"అది మా చెల్లెలు పాపాయమ్మది. దాని పక్క సైటే నీకు ఉంచాను సూర్యం. పొద్దున్నే కిటికీ తీస్తే చల్లగాలి," అన్నాడు అప్పాజీ.

సూర్యప్రకాశం మొహం వెలిగిపోయింది. హైమ మాత్రం తన కాళ్ల కేసి చూసుకుంటోంది. చుట్టూ నేల ఎండకి బీటలు వారి ఉంటే, కట్ట అడుగున గడ్డి పచ్చగా ఉంది. ఆమె చెప్పు ఆ గడ్డిలో దిగబడి, బురదతో పైకొచ్చింది.

"ఇక్కడ తడేంటండీ?"

"మొక్కలకి నీళ్లు పెట్టిస్తున్నాను చెల్లెమ్మా."

హైమ చుట్టూ చూసింది. మొక్కలన్నీ గేటు దగ్గరే ఉన్నాయి. కట్ట కింద ఒక్కటీ లేదు.

ఇంటికొచ్చాక ఆ మాటే అంటే సూర్యప్రకాశానికి కోపం వచ్చింది. "నీకు పాలవాడి మీదా అనుమానమే, డాక్టరు మీదా అనుమానమే. సొంత చెల్లెలికి అక్కడే ఇల్లు కడుతున్నాడు. ఇంకేం కావాలి?"

అయినా హైమ మనసు ఊరుకోలేదు. ఆఫీసులో అడిగి శశిభూషణ్ ఇల్లు ఎక్కడో కనుక్కుని, ఒక సాయంత్రం ఒక్కతే వెళ్లింది.

శశిభూషణ్ తలుపు సగమే తీశాడు. అప్పాజీ డ్యామ్ గురించి అనగానే ఆయన మొహం ముడుచుకుంది.

"మిమ్మల్నెవరు పంపారమ్మా?"

"ఎవరూ పంపలేదండి. నాకే తెలుసుకోవాలనిపించింది."

"ఒకరికిచ్చిన రిపోర్టు ఇంకొకరికి చెప్పకూడదు. ఆయన్నే అడగండి."

అరుగు మీద అప్పాజీ మిల్లు పేరున్న బియ్యం బస్తాలు కనిపించాయి. హైమకి సంగతంతా అర్థమైపోయినట్టే అనిపించింది. ఈయన బస్తాలు తీసుకున్నాడు, అడిగినట్టు రేటింగ్ ఇచ్చాడు. ఇంకెందుకు ఇక్కడ అనుకుని మెట్టు దిగుతూ, ఉక్రోషం ఆపుకోలేక అనేసింది.

"బోర్డు మీద రాయించిన మీ మాట నమ్మే ఆ కట్ట కింద ఇళ్లు కట్టుకుంటున్నారండి జనం. మేమూ కట్టుకోబోతున్నాం. అది మీకు తెలియాలి కదా."

శశిభూషణ్ తలుపు పూర్తిగా తీశాడు. "ఇళ్లేంటి? కింద జీడితోట కదా?"

"తోట కొట్టించేశారు. సైట్లు వేశారు. ఒక ఇంటికి గోడలు కూడా లేచాయి."

ఆయన అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. హైమని కూడా కూర్చోమన్నాడు.

"ఇందులో రెండున్నాయమ్మా. కట్ట ఎంత గట్టిగా ఉందన్నది ఒకటి. అది తెగితే ఎవరికి నష్టమన్నది రెండోది. నేను తక్కువ అన్నది ఆ రెండోదాన్ని. కింద మనిషన్నవాడు లేడు, తెగినా నీళ్లు తోటలోంచి వాగులో పడిపోతాయి, అందుకని తక్కువన్నాను. కట్ట గట్టిదని నేనెక్కడా అనలేదు. మట్టిని దిమ్మిసతో కొట్టి సరిగ్గా గట్టిపరచలేదు, ఎక్కువైన నీరు పొర్లిపోయే కలుజు ఇరుకు, అవి బాగుచేయించమని కూడా చెప్పాను. అందులో ఆయన తనకి కావలసిన ముక్క బోర్డు మీద రాయించుకున్నట్టున్నాడు."

"మరి ఇప్పుడు అక్కడ ఇళ్లొస్తే?"

"ఇళ్లొస్తే అది ఇంక తక్కువ కాదు. ఆ మాట చూసి ఎంతమంది కొంటే అంత ఎక్కువవుతుంది."

హైమ చూపు బస్తాల మీదికి పోయింది. ఆయన గమనించాడు. "మార్కెట్లో కొనుక్కున్నవే," అన్నాడు పొడిగా. అది నిజమో కాదో హైమకి తేలలేదు. ఆ ఆదివారం తనే డ్యామ్ దగ్గరికి వస్తానన్నాడు, అది చాలనుకుంది.

సూర్యప్రకాశం సణుగుతూనే కూడా వెళ్లాడు. ముగ్గురూ కారు దిగడం చూసి అప్పాజీ నవ్వుతూ ఎదురొచ్చాడు గానీ, శశిభూషణ్ తిన్నగా కలుజు వైపు నడిచేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. కలుజు నోటికి అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి.

"ఇవేంటి అప్పాజీగారూ?"

"నీళ్లు తగ్గితే బోట్లు నేలకి రాసుకుంటున్నాయండి. కొంచెం ఎత్తించాను. వేసవి సెలవుల వరకే."

శశిభూషణ్ కట్ట దిగి తడి నేల దగ్గరికి వెళ్లాడు. గడ్డి తప్పిస్తే సన్నగా ఊట కనిపించింది. హోటలు నుంచి గాజుగ్లాసు తెప్పించి ఆ నీళ్లు పట్టాడు. గ్లాసు ఒక రాయి మీద పెట్టి, అందర్నీ అక్కడే నిలబడమన్నాడు. కాసేపటికి గ్లాసు అడుగున ఎర్రటి మట్టి పేరుకుంది.

"తేటనీరు వస్తే ఇంత భయం లేదు. ఇది కట్టలోని మట్టిని కోసుకుంటూ వస్తోంది."

అప్పాజీ హైమ వైపు తిరిగాడు. "నిన్నెవరు పంపారు చెల్లెమ్మా? పెద్దిరాజేనా?"

పెద్దిరాజు రోడ్డుకి అటువైపు సైట్లు వేసి అమ్ముతున్న ఆసామి. హైమ ఆ పేరు వినడం అదే మొదలు.

"నాకు ఆయనెవరో కూడా తెలీదు అన్నయ్యగారూ."

"తెలీకుండానే ఇంజనీరుగారి ఇంటికి వెళ్లావా? సూర్యం, ఇది స్నేహమేనా?"

సూర్యప్రకాశం గ్లాసు వంకే చూస్తున్నాడు. "అప్పాజీ, ఆ రిపోర్టు నువ్వు పూర్తిగా చదివావా?" అని అడిగాడు.

"లో అంటే తక్కువేగా! ఇంకేం చదవాలి?"

అతనికి నిజంగానే తెలియదా, తెలిసీ నటిస్తున్నాడా? హైమ అతని కళ్లలోకి చూసింది. ఎంత చూసినా తేల్చుకోలేకపోయింది.

గోడలు తడుపుతున్న పాపాయమ్మ మాటలన్నీ విన్నట్టుంది. పైపు కింద పడేసి వచ్చింది. గ్లాసు చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పట్టి చూసింది.

"అన్నయ్యా, ఆ బస్తాలు తీయించు."

"సీజనే పాపాయమ్మా! ఇప్పుడు నీళ్లు వదిలేస్తే బోట్లేం కావాలి?"

"నా పిల్లలు పడుకునే గది అటువైపే ఉంది. నువ్వు తీయిస్తావా, నన్నే తీయమంటావా?"

జవాబు కోసం ఆగకుండా కొంగు దోపుకుని కలుజు కేసి నడిచింది. అప్పాజీ "ఉండవే, పడతావు" అంటూ వెనకే పరిగెత్తాడు. మొదటి బస్తా లాగింది అతనే. నీళ్లు ఒక్కసారిగా వదలొద్దనీ, అలా చేస్తే లోపలి గట్టు జారుతుందనీ శశిభూషణ్ పక్కనే నిలబడి చెబుతుంటే, ఒక్కొక్కటే తీయించాడు.

తర్వాత కలుజుని లోతుగా, వెడల్పుగా తవ్వించారు. చెరువు సగానికి దిగింది, కట్ట కింద ఊట ఆగింది. బోట్లు బురదలో కూర్చున్నాయి. జనం రావడం మానేశారు, హోటలు మూతపడింది. ఆ వానాకాలంలో వాగు పొంగింది గానీ, నీళ్లు కొత్త కలుజు మీదుగా పోయాయి. కట్ట నిలిచింది.

నిలిచింది కనకే ఎవరికీ ఏదీ రుజువు కాలేదు. ఏమీ కాని కట్టకి లేనిపోని భయం పెట్టి అప్పాజీని ముంచారన్నారు కొందరు. పెద్దిరాజు సైట్లు అమ్ముడుపోయేసరికి, హైమ వెనక ఉన్నది అతనేనని ఆ మాట ఇంకా ముదిరింది. అప్పాజీ ఫోన్లు చేయడం మానేశాడు. పెద్దిరాజు దగ్గర ఒక సైటు బాగుందని తెలిసి కూడా హైమ దంపతులు కొనలేదు. కొంటే జనం అనుకుంటున్నది నిజమని ఒప్పుకున్నట్టే అవుతుంది.

ఏడాది తిరక్కుండా దేవీచౌక్‌లో బట్టల కొట్టు దగ్గర పాపాయమ్మ ఎదురైంది. ఆ కట్ట కింది ఇంటి గృహప్రవేశానికి బట్టలు కొనడానికి వచ్చింది. హైమ చెయ్యి పట్టుకుని కుశలమడిగి, గొంతు తగ్గించి అంది.

"ఏమీ అనుకోకండి. మా అన్నయ్య ఇప్పటికీ అదే అంటాడు. నిజం చెప్పండి, పెద్దిరాజుగారు మీకు చుట్టమేనా?"

హైమకి మొదట నవ్వొచ్చింది. ఆపైన మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

"కాదండి. మీ ఇంటి పక్కన నా చెప్పు బురదలో దిగింది. అంతే."

పాపాయమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. అప్పాజీని తను చూసింది కూడా ఇలాగే కదా అని హైమకి గుర్తొచ్చి, చూపు తిప్పుకోకుండా నిలబడింది.

"సరేలెండి," అంది పాపాయమ్మ చివరికి. "గురువారం పొద్దున్నే ముహూర్తం. మీరిద్దరూ రావాలి. మా అన్నయ్య కూడా ఉంటాడు, మాట్లాడకపోతే మాట్లాడకపోయాడు, భోజనం చేసే వెళ్లాలి."

వస్తామని చెప్పింది హైమ.