ఎర్ర గుడ్డ కింద నడిచినవాళ్ళు

పొద్దున్నే మొదటి కాఫీ మా అత్తయ్య రిబ్కాదే. ఆమె ఊపిరి ఆగి రెండేళ్ళయినా ఆ వరస మారలేదు. ఆమె ఒళ్ళు చెడకుండా మందు పట్టించి దక్షిణపు గదిలో పడుకోబెట్టాం. మా కొండల ఆచారంలో, పెద్దకర్మ మొదలై మొదటి బలి దున్నపోతు నేలకొరిగేదాకా ఆమె చనిపోయినట్టు కాదు, ఒంట్లో బాగాలేనట్టు. అందుకని తలుపు దగ్గర ఆగి "అత్తయ్యా, కాఫీ తెచ్చాను" అని చెప్పిగాని లోపలికి వెళ్ళేదాన్ని కాదు. మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఆకూవక్కా. నా భర్త సంపే రోజూ ఒకటే అడిగేవాడు, అమ్మకి పెట్టావా అని. నువ్వు తిన్నావా అని నన్ను అడిగిన గుర్తు లేదు. బతికున్న రోజుల్లో ఆమెనూ ఎవరూ అలా అడగలేదు.

నేను ఫొటోలు తీస్తాను. రాంతెపావో పట్నం చుట్టుపక్కల కొండల్లో ఏ ఊళ్ళో కర్మ జరిగినా కబురు చేస్తారు. కెమెరా సంచీ భుజాన వేసుకుని, బండి వెళ్ళినంత దూరం బండి మీద, ఆ పైన బురదలో నడిచి వెళతాను. పన్నెండేళ్ళుగా ఇదే నా పని. మా ఇంట్లో దాన్ని పని అనరు, తిరుగుడు అంటారు. చుట్టాలొచ్చి కోడలేదని అడిగితే మా మామగారు నవ్వుతూ "తిరగడానికెళ్ళింది" అనేవారు. పోయేముందు వండి పెట్టి, వచ్చాక అంట్లు తోముకుంటాను కాబట్టి ఆ తిరుగుడును క్షమించారు. అత్తయ్య మాత్రం ఏమీ అనేది కాదు. నేను మోకాళ్ళదాకా బురదతో వచ్చేసరికి పొయ్యి మీద వేడినీళ్ళు ఉండేవి. అవి ఎవరు పెట్టారో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

అలాంటి మనిషిని ఆమె కర్మలో నేనే సాగనంపుతాననుకున్నాను, నా కెమెరాతో. ముహూర్తం ఇంకా వారం ఉందనగా సంపే అన్నం తింటూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఫొటోలకి మకస్సర్ నగరం నుంచి ఒకతన్ని మాట్లాడాను. పైకెగిరే కెమెరా కూడా ఉందట. కర్మ జరిగే నాలుగు రోజులూ నువ్వు కోడలివి. పెద్దమనుషుల మధ్య నీ కెమెరా పట్టుకుని తిరిగితే బావుండదు."

నేను కూర వడ్డించాను. పరాయి ఊళ్ళో పరాయి తల్లుల శవపేటికల పక్కన కెమెరాతో నిలబడితే ఎవరికీ తప్పనిపించదు. చోటిచ్చి తప్పుకుంటారు, కాఫీ ఇస్తారు. సొంత ఇంటికొచ్చేసరికే నా చేతులు పళ్ళేలు మొయ్యడానికి పుట్టినట్టుంటాయి. ఈ మాట నోటిదాకా వచ్చింది. ఆయన ఇంకొంచెం అన్నం పెట్టమన్నాడు. పెట్టాను.

కర్మ వంటలకి ఇంటి వెనక వెదురు పాక వేసి పొయ్యిలు పెట్టారు. నలభైమంది ఆడవాళ్ళం. బియ్యం కడగడం, మాంసం కోసి వెదురుగొట్టాల్లో కూరడం, నిప్పుల మీద వాటిని తిప్పుతూ ఉండడం. ముందు వాకిట్లో ఏం జరుగుతున్నదో మాకు చప్పుళ్ళను బట్టే తెలిసేది. దున్నలు పడ్డప్పుడు జనం కేకలు, మగవాళ్ళు వలయంగా నిలబడి పాడే శోకగీతం, వచ్చిన అతిథుల పేర్లు మైకులో చదవడం. ఈ వంటంతటికీ పెద్దదిక్కు లుడియా, అత్తయ్య సొంత చెల్లెలు. డెబ్భై ఏళ్ళుంటాయి. పొగకు కళ్ళు ఎర్రబడి, ఎవరేం అడిగినా చేత్తోనే జవాబు చెప్పేది.

పేటికను ఊరేగించే రోజు పొద్దున వెదురుగొట్టాలు తిప్పుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"దమారిస్, నువ్వు వంద చావులకైనా వెళ్ళుంటావు కదే. ఇట్లాంటి పాకని ఎప్పుడైనా ఫొటో తీశావా?"

జవాబు వెంటనే వస్తుందనుకుని నోరు తెరిచాను. నా ఫొటోల్లో దున్నలున్నాయి, చనిపోయినవాళ్ళ చెక్కబొమ్మలున్నాయి, నల్లబట్టల్లో వరసగా వచ్చే అతిథులున్నారు. ఇళ్ళ వెనక పాకల వైపు నేను వెళ్ళింది మాత్రం చెయ్యి కడుక్కోవడానికే. పాక ఫొటో ఒక్కటీ లేదు. మా ఇంట్లోవాళ్ళు నా పనిని చూడరని పన్నెండేళ్ళుగా లోపల ఉడికిపోతున్నదాన్ని, నా కళ్ళు మాత్రం ఏం చూశాయి? "లేదు చిన్నత్తయ్యా" అన్నాను. ఆమె ఏమీ అనుకోలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కెమెరా సంచీ ధాన్యపు కొట్టులో ఉంది. వెళ్ళి తెచ్చాను. మొదట అందరూ మొహాలు తిప్పుకున్నారు, తరవాత జుట్టు సవరించుకున్నారు, ఆ తరవాత నన్ను మరిచిపోయి పనిలో పడ్డారు. లుడియా మొహం మీదికి కెమెరా తిప్పినప్పుడు తెలిసింది, ఆమె కళ్ళు ఎర్రబడింది పొగకు కాదని. ఆమె ఏడుస్తోంది. గరిటె ఆపకుండా ఏడుస్తోంది.

"మీ అక్క దగ్గరికి వెళ్ళావా చిన్నత్తయ్యా?"

"ఎప్పుడెళ్ళనే? మూడు రోజులైంది ఈ పొయ్యి వదిలి. పెట్టె మీద చెయ్యేసి ఒక్కసారి ఏడ్వనైనా లేదు."

ముందు వైపు గంట మోగింది. అంటే అత్తయ్య పేటికను ఇంటి ఆకారపు పల్లకీలోకి ఎక్కిస్తున్నారు. దాని ముందు పొడవాటి ఎర్ర గుడ్డ పరుస్తారు, దాన్ని తలల మీదికి ఎత్తుకుని కింద నడిచేది చనిపోయినవారి ఇంటి ఆడవాళ్ళే. నేను లుడియా చేతిలోని గరిటె తీసుకుని కింద పెట్టాను.

"అన్నం మాడుద్దే" అంది.

"మాడనీ."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది, మసి ఇంకా పోలేదు. మేం కదలగానే పక్క పొయ్యి దగ్గరున్న ఆమె లేచింది. ఆ వెనక ఇంకొకామె. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. పాక ఖాళీ అయింది.

పల్లకీ మోసే మగవాళ్ళు మమ్మల్ని చూసి పక్కకి జరిగి దారిచ్చారు. లుడియా నేరుగా వెళ్ళి పెట్టె మీద రెండు చేతులూ ఆనించి, "అక్కా, ఇప్పుడొచ్చానే" అంది. తల కూడా ఆనించింది. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. తరవాత గుడ్డ కిందికి వచ్చి నా ముందు నిలబడింది. ఎండ ఎర్రగా ఆమె నెరిసిన జుట్టు మీద పడుతోంది. నేను కెమెరా కంటికి ఆనించుకున్నాను.

అప్పుడు సంపే జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. నా చేతిలోని కెమెరాను చూశాడు, నా వెనక వరసగా నిలబడ్డ ఆడవాళ్ళను చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"వంట దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు" అన్నాను.

నేను ఆ ఇంట్లో అడుగుపెట్టి పదిహేనేళ్ళయింది. ఆ ప్రశ్నకు ఆ జవాబు రావడం అప్పటిదాకా ఆయన వినలేదు, నేనూ వినలేదు. పల్లకీ కదిలింది. మేం నడిచాం.