పెన్సిలు రాత

“ఆ పెన్సిలు గీతలన్నీ రబ్బరు పెట్టి చెరిపేయండి మేడమ్. శనివారానికి పుస్తకం శుభ్రం చేసి మీరే అద్దాల పెట్టెలో పెట్టేయండి” అన్నాడు ఎన్నికల కార్యాలయం చూసుకునే గూ. అట్ట ఊడిపోయిన లావుపాటి చట్టం పుస్తకాన్నీ, కొత్త రబ్బరు ముక్కనీ వంటగదిలో మల్‌సుక్ ముందు పెట్టి, కిమ్‌బాప్ అన్నపు చుట్టలు ఎన్నయ్యాయో చూద్దామని గంపలోకి తొంగి చూశాడు.

మల్‌సుక్ తెల్లవారినప్పటి నుంచి ఆ చుట్టలే చుడుతోంది. సముద్రపు నాచు రేకు పరవడం, అన్నం పరవడం, ముల్లంగి, గుడ్డు, పాలకూర పేర్చడం, చుట్టడం, కోయడం. ఇంటింటికీ తిరిగే అరవై మంది కార్యకర్తలకి మధ్యాహ్నం భోజనం అది. చేతులకి నువ్వులనూనె జిడ్డు. ఆ చేతుల్ని గుడ్డకి తుడుచుకుని పుస్తకం తెరిచి చూసింది. చూడగానే గుర్తుపట్టింది. గుర్తుపట్టకపోతే ఆశ్చర్యపడాలి. అందులో ప్రతి అక్షరం నెత్తినా చీమతలకాయంత ఉన్న ఆ రాత తనదే.

“ఎందుకు చెరపడం?” అంది.

“భలేవారే! ప్రతి చైనా అక్షరం మీదా అదెలా పలకాలో కొరియా అక్షరాల్లో రాసి ఉంది కదండీ. అద్దాల పెట్టెలో పెట్టాక విలేకరులు చూస్తే ఏమనుకుంటారు? ఈ అభ్యర్థికి అక్షరాలే రావంటారు. అవతలి పార్టీవాళ్ళ చేతికి కర్ర మనమే ఇచ్చినట్టుంటుంది” అని గూ నవ్వాడు. ఆ రాత ఎవరిదో అతనికి తెలియదు. పెట్టె కింద అంటించబోయే అట్టముక్క మాత్రం గర్వంగా చూపించాడు. ‘గురువు లేడు. కాలేజీ లేదు. ఈ పుస్తకమే తక్ జేగున్‌కి బడి.’

గురువు లేడట!

పదిహేడేళ్ళ క్రితం వాణిజ్య హైస్కూలు చదువు ఒక్కటి చేతపట్టుకుని జడ్జీలూ లాయర్లూ అయ్యేవాళ్ళ పరీక్ష రాస్తానన్నాడు ఆమె మొగుడు జేగున్. కాలేజీ గుమ్మం తొక్కనివాడు ఆ పరీక్ష రాయడమేమిటని ఊరంతా నవ్వింది. నవ్వనిది ఆమె ఒక్కతే. ఆయన చదువుకోడానికి కొండవాలులో ఇద్దరూ కలిసి మట్టిగోడలు పెట్టి ఒక గది లేపారు. మట్టి తొక్కింది ఆమె, కడుపులో కూతురు యొన్హి ఉండగా. పుస్తకాలు వచ్చాయి. తెరిస్తే అందులో సగానికి సగం చైనా అక్షరాలు. చట్టం భాషంతా అంతే ఆ రోజుల్లో, కొరియా అక్షరాలు మధ్యలో అతుకులకి మాత్రమే. హైస్కూలులో నేర్చుకున్నవి ఏ మూలకీ చాలలేదు. మూడో రోజున జేగున్ పుస్తకాన్ని గోడకేసి కొట్టాడు. మల్‌సుక్ దాన్ని తీసి, దులిపి, తెరుచుకున్న పేజీలోంచి ఒక వాక్యం గడగడా చదివింది.

ఆమె తండ్రి ఊళ్ళో మగపిల్లలకి వెయ్యి చైనా అక్షరాల పాఠం చెప్పేవాడు. నలుగురు కూతుళ్ళలో ఆమె ఆఖరిది. ఇక ఆడపిల్లలు చాలు అని దేవుడికి తెలిసేలా ‘మల్’ అంటే ఆఖరు అని చేర్చి పేరు పెట్టారు. ఆ ఆఖరుది కాగితపు తలుపు ఇవతల బీన్స్ ఉడకబెడుతూ, లోపల పిల్లలు వల్లించేవన్నీ పొయ్యి బూడిదలో పుల్లతో రాసుకుంది. తండ్రి ఒకరోజు చూసి కాలితో ఆ బూడిద చెదరగొట్టాడు. అప్పటికి వెయ్యీ అయిపోయాయి, రెండో పుస్తకంలో సగమూ అయిపోయింది. బూడిద చెదిరింది గానీ వచ్చిన అక్షరాలు ఎక్కడికి పోతాయి?

ఆ రోజు ఆమె ఆ వాక్యం చదవగానే జేగున్ దగ్గరికి జరిగాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతాడనుకుంది. “మా అమ్మకి చెప్పకు” అన్నాడు.

చెప్పలేదు. నాలుగేళ్ళు చెప్పలేదు. ఆయన మధ్యాహ్నం కునుకు తీసే గంటన్నరలో, పిల్లని వీపున కట్టుకుని, మర్నాటి పేజీలన్నిటి మీదా ఉచ్చారణ రాసి పెట్టేది. రాసీ రాసీ ఆమెకే చట్టం ఒంటబట్టింది. మూడుసార్లు ఆయన తప్పాడు. తప్పిన ప్రతిసారీ అత్తగారు “కోడలి కాలు మంచిది కాదు” అంది. నాలుగోసారి పాసయ్యాడు. అప్పుడు “నా కొడుకు బుర్ర” అంది. ఊళ్ళో గుడ్డ బ్యానరు కట్టారు, డప్పులు కొట్టారు, పేపరతను వచ్చి “ఎవరు చెప్పారండీ చదువు?” అని అడిగాడు. “ఎవరూ లేరు. నేనొక్కణ్ణే” అన్నాడు జేగున్. ఆమె అప్పుడు ఆ పేపరతనికే బార్లీ నీళ్ళు తెస్తోంది. సంతోషంలో మాట తడబడ్డాడేమోలే అనుకుంది. ఒక్కసారైతే తడబాటు. పదమూడేళ్ళు అదే మాట చెబితే దాన్ని ఏమనాలి?

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట నిజం, అదే కడుపుమంట. బూట్ల ఫ్యాక్టరీ అమ్మాయిలు యూనియన్ పెట్టుకుంటే బయటికి గెంటేసినప్పుడు ఈ పుసాన్ పట్నంలో పెద్ద పెద్ద లాయర్లు మొహం చాటేశారు, ఆయన నిలబడ్డాడు. పోలీసుల బాష్పవాయువు పీల్చాడు, ఇరవై రెండు రోజులు లాకప్పులో ఉన్నాడు. కానీ పోలీసు స్టేషనులో తమకేం జరిగిందో ఆ అమ్మాయిలు ఆయనకి చెప్పలేదు. వంటగదిలో మల్‌సుక్ పక్కన చతికిలబడి, ఉల్లికాడలు ఒలుస్తూ, తలెత్తకుండా చెప్పారు. ఆమె రాసింది. ఆయన కోర్టులో చదివి ఏడ్చాడు. మర్నాడు పేపర్లలో లాయరుగారి కన్నీళ్ళ గురించి వచ్చింది. ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అని ఊరికే అన్నారా? దేశంలో అందరి హక్కులూ ఆయన నాలుక మీదుంటాయి. తిన్న గిన్నె తనంతట తాను నడిచి వెళ్ళదని మాత్రం నలభై మూడేళ్ళొచ్చినా తెలియదు.

భోజనానికి వచ్చినప్పుడు పుస్తకం ఆయన ముందు పెట్టింది.

“దీన్ని చెరపమంటున్నాడు గూ.”

“చెరిపెయ్యి. అదొక పనా?”

“ఇది నా రాతండీ.”

“నాకు తెలుసుగా యొన్హి అమ్మా. నాకు తెలిస్తే చాలదా? ఊరందరికీ చాటింపు వేయాలా?” సూపు చల్లారిపోతోందన్నట్టు చెంచా అందుకున్నాడు. “ఎన్నికలంటే జనానికి ఒకే కథ చెప్పాలి. పేదవాడు, ఒంటరిగా చదివాడు, పేదల కోసం నిలబడ్డాడు. మధ్యలో పెళ్ళాం పాఠం చెప్పిందంటే నవ్వుతారు.”

“నవ్వేదేముంది అందులో?”

అత్తగారు పక్కనుంచి అందుకుంది. “మగాడి గెలుపులో వాటా అడిగే ఆడదాన్ని నా జన్మలో ఇప్పుడే చూస్తున్నా. వాడికి ఇంకొంచెం అన్నం వడ్డించు.”

వడ్డించింది. చెయ్యి వడ్డించింది, ఆమె కాదు. పదిహేడేళ్ళుగా ఆ చెయ్యి తన ప్రమేయం లేకుండా కదలడం నేర్చుకుంది. మధ్యాహ్నం పసుపురంగు పట్టీ భుజాన వేసుకుని చేపల బజారులో ప్రతి తట్ట ముందూ నడుం వంచి దండం పెట్టింది. పట్టీ మీద ‘అభ్యర్థి తక్ జేగున్ భార్య’ అని పెద్ద అక్షరాలు. ఈ దేశంలో పెళ్ళయినా ఆడదాని ఇంటిపేరు మారదని గొప్పగా చెప్పుకుంటాం. మారదు నిజమే, ఎవరూ పిలవరు కూడా. “మీరేం మాట్లాడకండి మేడమ్, నవ్వండి చాలు” అని గూ ముందే చెప్పాడు. నవ్వింది. దవడలు పట్టేశాయి.

శుక్రవారం పొద్దున కార్యకర్తలంతా వీధుల్లోకి వెళ్ళాక, కార్యాలయంలో బల్ల దగ్గర కూర్చుని రబ్బరు తీసింది. మొదటి పేజీలో మొదటి వరుస. ‘హక్కు’ అనే మాట. దాని మీద పెన్సిలు రాత ఒక్క రుద్దుకే పోయింది. అంత తేలిగ్గా పోతుందనుకోలేదు. వరుస తర్వాత వరుస, పేజీ మొత్తం చెరిపి, నల్లటి రబ్బరు పొట్టు అరచేత్తో దులిపింది. పొయ్యి బూడిద మీద తండ్రి కాలు గుర్తొచ్చింది. ఆయన కనీసం తన కాలే వాడుకున్నాడు. వీళ్ళు ఆమె చేత్తోనే చెరిపిస్తున్నారు.

రెండో పేజీ తిప్పుతుండగా తలుపు తోసుకుని ఒక అమ్మాయి వచ్చింది. యాంగ్ మిగ్యొంగ్. ఫ్యాక్టరీ నుంచి గెంటేసిన వాళ్ళలో ఒకతి, ఆ రోజు ఉల్లికాడలు ఒలిచిన వాళ్ళలో ఒకతి. చేతిలో కోర్టు కవరు.

“నాలుగోసారక్కా రావడం. ఎన్నికలయ్యాక రమ్మంటాడు గూ గారు. లాయరుగారేమో కార్లోంచి చెయ్యూపి వెళ్ళిపోతారు. తీర్పు ఇంటికొచ్చి పది రోజులైంది. గెలిచామో ఓడామో కూడా తెలీడం లేదు. చూడు, అన్నీ చైనా అక్షరాలే. నా కేసు నేను చదువుకోలేను, చూశావా నా బతుకు?”

మల్‌సుక్ కాగితం తీసుకుని నిలబడే చదివింది. చివరిదాకా చదివి కూర్చుంది.

“ఓడిపోయారు. పై కోర్టుకి వెళ్ళడానికి పద్నాలుగు రోజులే గడువు.”

“పోలింగు ఇంకా పన్నెండు రోజులుంది కదక్కా!”

“అవును. గడువు నాలుగు రోజులుంది.”

మల్‌సుక్ రబ్బరు పక్కకి తోసేసింది. ఈ అమ్మాయిల పేరు చెప్పుకునే కదా ఆయన టిక్కెట్టు తెచ్చుకున్నాడు! వీళ్ళ ఫోటో కరపత్రం మీదుంది. వీళ్ళ కాగితం చదివే తీరిక మాత్రం ఎవరికీ లేదు. గూ అద్దాల పెట్టె తుడిపిస్తున్నాడు, ఆయన ఒంటరి చదువు గురించి ఉపన్యాసం బట్టీ పడుతున్నాడు. తను ఇక్కడ కూర్చుని ‘హక్కు’ చెరుపుతోంది.

“కూర్చో” అంది. “అప్పీలు పత్రం ఒక్క పేజీయే. లాయరు లేకపోయినా నువ్వే వేయవచ్చు. నేను చెప్తాను, నీ చేత్తో నువ్వు రాయి.”

“నేనా? నాకేం వచ్చక్కా?”

“నాకూ ఏం రాదనే అనుకునేవాళ్ళు. రాయి.”

గంటలో అయింది. మిగ్యొంగ్ వేలిముద్దరలా ఒత్తి ఒత్తి రాసింది, రెండు కాగితాలు పాడు చేసింది, మూడోది నిలిచింది. కోర్టుకి కూడా ఇద్దరూ కలిసే వెళ్ళి, గుమాస్తా ముద్ర కొట్టేదాకా నిలబడ్డారు. బయటికొచ్చాక మల్‌సుక్ సంచీలోంచి అట్ట ఊడిన పుస్తకం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

“రోజూ రెండు పేజీలు చదువు. ప్రతి అక్షరం మీదా ఎలా పలకాలో ఉంది. మొదటి పేజీ ఒక్కటే చెరిగిపోయింది, అది మా ఇంటికొచ్చినప్పుడు రాసిస్తాను.”

శనివారం కార్యాలయం కిటకిటలాడింది. కెమెరాలు, దండలు, ఎదురుగా తెల్లగుడ్డ కప్పిన అద్దాల పెట్టె. అత్తగారు కొత్త పట్టు హన్‌బోక్ దుస్తుల్లో ముందు వరుసలో కూర్చుంది. గురువు లేని చదువు గురించి జేగున్ బట్టీ పట్టిన ఉపన్యాసం అప్పజెప్పి గుడ్డ లాగాడు. లోపల ఏమీ లేదు. గురువు లేడన్న అట్టముక్క మాత్రం ఉంది.

గూ పరుగున వచ్చాడు. “మేడమ్, పుస్తకమేదండీ?”

“చదువుకునేవాళ్ళకి ఇచ్చాను.”

“నవ్వు” అన్నాడు జేగున్ పళ్ళ మధ్య నుంచి, కెమెరాల వైపు చూస్తూ. “యొన్హి అమ్మా, నవ్వు. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం.”

“ఇంకోటి కొని పెట్టుకోండి. కొత్తదాంట్లో నా రాత ఉండదు, చెరిపే బాధా ఉండదు” అంది ఆమె. గొంతు పెంచలేదు. పెంచకపోయినా అందరికీ వినిపించింది. అత్తగారి చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

ముందు వరుసలో ఉన్న కుర్ర విలేకరి ఒకతను ఆమె భుజాన ఉన్న పట్టీ మీది అక్షరాలు చదివి, అయోమయంగా తలెత్తాడు. “మీ రాతంటే? అభ్యర్థిగారి భార్యే కదండీ మీరు?”

మల్‌సుక్ పట్టీ భుజం మీంచి తీసి, మడిచి, జేగున్ చేతికిచ్చింది.

“ప్యొన్ మల్‌సుక్. ఆయనకి ఆ పుస్తకం చదవడం నేర్పింది నేనే. నాలుగేళ్ళు.”

విలేకరి గబగబా చెవి సందులోంచి పెన్సిలు తీశాడు.

“పెన్నుతో రాసుకో బాబూ” అంది.