ఆదివారం ఉండ

మా వియ్యపురాలు రత్నమాణిక్యంగారు ఏ మాటైనా మెత్తగానే అంటారు. అన్న తరవాత మాత్రం ఆ మాటను కదిలించడం కష్టం. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, తాడేపల్లిగూడెంలో మా అమ్మాయి మంగకు సీమంతం చేసిన రోజున, భోజనాలయ్యాక తమలపాకుకు సున్నం రాస్తూ ఆవిడ అన్నారు:

"ఏవండీ అన్నయ్యగారూ, నేనొకటి అనుకున్నానండి. పురుడు మేమే పోసుకుంటాం. తొలికాన్పు పుట్టింట్లో జరగాలనుకోండి. కాని మీ ఇంట్లో ఆడదిక్కు లేదు కదండీ. మీరు మాత్రం ఏం చేస్తారు పాపం!"

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. నా భార్య సుబ్బాయమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఏలూరులో కాలవ గట్టు పక్కనున్న మా ఇంట్లో నేనూ, నేను ఆఫీసు నుంచి మోసుకొచ్చే కాగితాలూ తప్ప ఇంకెవరూ లేరు. సరేనని తల ఊపబోతూ గుమ్మం వైపు చూశాను. మంగ అక్కడ నిలబడి ఉంది. చేతులనిండా గాజులు, తలనిండా పూలు. ముఖంలో మాత్రం, చిన్నప్పుడు బడి వదిలాక నేను ఆలస్యంగా వెళ్ళిన రోజుల్లో కనబడే చూపు. ఆ పొద్దున్నే పెరట్లో నా చెవిలో చెప్పింది: "నాన్నా, నన్ను మనింటికి తీసుకెళ్ళండి. అమ్మ మంచం మీద పడుకోవాలని ఉంది."

నేను తల ఊపలేదు.

"పక్కింట్లో పాపాయమ్మ పిన్నిగారున్నారండి. మా వీధి చివరే నర్సు కృపమ్మగారు. మా పేటలో సగం మంది పిల్లలు ఆవిడ చేతుల మీదే పుట్టేరు," అన్నాను.

"కాన్పు ఒక పూట మాటండీ. తరవాత పత్యం ఎవరు చూస్తారు? కాయం ఎవరు చేస్తారు?"

కాయమంటే బాలింతకు పెట్టే కారపు తీపి ముద్ద. శొంఠి, పిప్పళ్ళు, మోడి, మిరియాలు, వాము, దుంపరాష్ట్రం వేయించి దంచి, బెల్లం పాకంలో నెయ్యి పోసి కలుపుతారు. ఆకలి పుడుతుందనీ, ఒంటికి వేడి చేస్తుందనీ మావైపు ప్రతి ఇంట్లోనూ పెడతారు.

"నేను చేస్తానండి," అన్నాను.

వసారాలో ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. మంచినీళ్ళు తాగుతున్న మా అల్లుడు బంగార్రాజుకు పొలమారింది.

"కాయమంటే కాఫీ కాదండి అన్నయ్యగారూ!"

"తెలుసండి."

రత్నమాణిక్యంగారు నన్ను ఒక్క క్షణం తేరిపార చూశారు. "సరేనండి. చేసి పట్రండి. నేను నోట్లో వేసుకుని చూస్తాను. బాగుంటే అమ్మాయిని ఆ రోజు రైలుకే మీ వెంట పంపిస్తాను. బాగోకపోతే మనవణ్ణి చూడ్డానికి మీరే ఇక్కడికి రావాలి."

"మనవరాలైతేనో?"

"అప్పుడూ మీరే రావాలి."

ఏలూరు రాగానే పాపాయమ్మగారిని అడిగాను. ఆవిడ గోడ అవతలి నుంచే ఏవి ఎంతెంత వెయ్యాలో చెప్పారు. పచారీ కొట్లో అన్నీ దొరికాయి. ఎండబెట్టాను, దోరగా వేయించాను, పెరట్లో రోలు ముందు పీట వేసుకుని దంచడం మొదలుపెట్టాను. పిప్పళ్ళు నలిగేసరికి నాకు తుమ్ములు మొదలయ్యాయి. కాసేపటికి పక్కింట్లో తుమ్మారు. ఆ తరవాత వీధిలో పోయే సైకిలాయన తుమ్మాడు.

"బాబూ, దంచేది బాలింతకా, దొంగల్ని తరమడానికా?" అని గోడ మీంచి పాపాయమ్మగారి కేక వినబడింది.

పాకం విషయంలో మాత్రం నాకు ధీమాగా ఉంది. ఆ రోజుల్లో బియ్యేలో నేను చదివింది కెమిస్ట్రీయే. కాచడం, చల్లార్చడం అందులో మొదటి పాఠాలు. బెల్లం బాగా మరిగాక, ఇంకొంచెం మరిగితే ఇంకా బాగుంటుందనిపించి ఉంచాను. పొడి వేశాను, నెయ్యి పోశాను, కలిపాను. సాయంత్రానికి అది గిన్నెను వదల్లేదు. గిన్నెను బోర్లించినా, తట్టినా, బతిమాలినా వదల్లేదు. పాపాయమ్మగారు వచ్చి గరిటె కాడతో కొట్టి చూశారు. టంగుమంది.

"ఇది బాలింతకు పెట్టేది కాదు నాయనా. ఇంటి పునాదిలో వేసుకునేది."

రెండోసారి ఆవిడే పొయ్యి దగ్గర నిలబడి, "ఇక దించు, దించమన్నానా!" అని చేయి పట్టి దింపించారు. ఈసారి ముద్ద మెత్తగా వచ్చింది. ఆవిడ చిన్న ఉండ నోట్లో వేసుకుని, "మా కోడలు చేసినదాని కన్నా బాగుంది. ఆ మాట దానితో అనకు," అన్నారు.

నేను కూడా ఒకటి నాలుక మీద పెట్టుకున్నాను. పెట్టుకుని, తల అడ్డంగా ఊపాను.

"ఇది కాదండి పిన్నిగారూ."

"ఏది కాదు?"

"ఆ రుచి కాదండి."

"ఏ రుచి? కాయం రుచి నీకేం తెలుసు? మగాడివి!"

చెప్పక తప్పలేదు. మంగ ముదినేపల్లిలో మా అత్తవారింట పుట్టింది. అప్పట్లో నేను శనివారం మధ్యాహ్నం ఆఫీసు వదలగానే పడవెక్కి కొల్లేరు దాటి, కైకలూరు నుంచి ఎడ్లబండి మీద అక్కడికి చేరేవాణ్ణి. ఆదివారం పొద్దున మా అత్తగారు వెంకాయమ్మగారు వెండిగిన్నెలో కాయం ఉండ పెట్టి తెచ్చి, సుబ్బాయమ్మ చేతికిచ్చి, "నే వచ్చేసరికి అయిపోవాలి," అని వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. సుబ్బాయమ్మకు కారం ఓర్పు లేదు. చివర కాస్త కొరికి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మిగిలినదంతా నా చేతిలో పెట్టేది. "మీరు బియ్యే చదివేరు కదండీ, ఓర్చుకోగలరు. తినండి," అనేది. నేను తినేవాణ్ణి. మొదట్లో ఆమె కోసం తిన్నాను. రెండో వారం నుంచి నాకోసమే తిన్నాను. అత్తగారు తిరిగొచ్చి ఖాళీ గిన్నె చూసి, "అల్లుడుగారొచ్చిన రోజునే పిల్ల కాయం చక్కగా తింటోంది," అని సంబరపడేవారు. మిగతా రోజుల్లో ఉసిరికాయంత ఉండకే పేచీ పెట్టే కూతురు, ఆదివారం నిమ్మకాయంత ఉండ పూర్తి చేస్తుంటే ఏ తల్లికి సంబరంగా ఉండదు?

తిరుగు పడవలో కొల్లేటి గాలి చల్లగా కొట్టేది. కొంగలు గుంపులుగా లేచేవి. నా కడుపులో మాత్రం చిన్న కుంపటి పెట్టినట్టు వెచ్చగా ఉండేది. నెల తిరిగేసరికి బాలింత అలాగే సన్నగా ఉంది. నేను ఒళ్ళు చేశాను.

పాపాయమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని, గోడకానుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. తరవాత పొయ్యి ముందు కూచుని, "సరే, ఆ రుచి ఎలా ఉండేదో చెప్పు," అన్నారు.

"కారం ఇదేనండి. తీపే వేరు. నల్లటి తీపి."

"తీపి నల్లగా ఉండడమేమిటయ్యా?"

"కొంచెం పొగ వాసన. వెనకాల ఎక్కడో కాస్త ఉప్పదనం."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది. "తాటిబెల్లం!"

మూడోసారి చేసినప్పుడు పాకం దించమని ఎవరూ చెప్పలేదు. ఆవిడ నోరు తెరిచేలోపే నా చేతులు గిన్నెను దింపేశాయి. ఉండ నాలుక మీద పెట్టుకున్నాను. వెండిగిన్నె, ముదినేపల్లి వసారా, తల వెనక్కి వాల్చి నా వైపు చూసి నవ్వే సుబ్బాయమ్మ, అన్నీ ఒక్కసారి దగ్గరగా వచ్చి కూచున్నాయి. ఏడుపు వస్తుందేమోననుకున్నాను. రాలేదు. ఆకలి వేసింది.

మర్నాడు సెలవు పెట్టి, ఇత్తడి డబ్బానిండా ఉండలతో రైలెక్కాను. మూడో తరగతి పెట్టె. మూత బిగించినా వాసన ఆగలేదు. దెందులూరు దాటకముందే ఎదురుగా కూచున్న పెద్దాయన ముక్కు ఎగబీల్చి అడిగాడు.

"ఎవరింట్లో బాలింతాండీ?"

"ఇంకా కాలేదండి."

"మరి కాయం ఎవరికండీ?"

"మా వియ్యపురాలికండి."

పెట్టెలో అందరి తలలూ నా వైపు తిరిగాయి. కిటికీ పక్కన నిద్రపోతున్నాయన కూడా కళ్ళు తెరిచాడు. ఇక జరిగిందంతా చెప్పవలసి వచ్చింది. విన్నాక పెద్దాయన కాళ్ళు పైకి పెట్టుకుని తీర్పరిలా కూచున్నాడు.

"అయితే ముందు మేం చెబుతామండి, బాగుందో లేదో. రేపు ఆవిడేదైనా అంటే మీ పక్షాన సాక్ష్యం ఉండొద్దూ?"

ఆయనకొకటి ఇచ్చాను. ఆయన కళ్ళు మూసుకుని నములుతూ, "అబ్బ, పొద్దున తిన్న పనసతొనలు ఇప్పుడు సర్దుకున్నాయండి," అన్నాడు. పడిశం పట్టినాయన తనకూ ఒకటి కావాలన్నాడు. తిని, ముక్కు విడిందని అందరికీ గాలి పీల్చి చూపించాడు. కొల్లేటి చేపలు అమ్ముకుని ఖాళీ గంపతో తిరిగి వెళుతున్న ఒకావిడ సగం తిని, మిగతా సగం కొంగుకు కట్టుకుంది. "మా కోడలికండి బాబుగారూ. పచ్చి బాలింత," అంది. ఆవిడకు ఇంకో రెండు ఇచ్చాను. భీమడోలు దగ్గర దిగిపోయేవాళ్ళు ఎక్కేవాళ్ళకు సంగతి చెప్పి మరీ దిగారు.

తాడేపల్లిగూడెంలో డబ్బా మూత తీసేసరికి అందులో ఒకే ఒక్క ఉండ ఉంది.

రత్నమాణిక్యంగారు డబ్బాలోకి తొంగిచూసి, "ఇంత డబ్బాకీ ఇదొక్కటేనాండీ? బాగా కుదిరిందే ఏరి తెచ్చారా ఏమిటి?" అన్నారు. నేను రైలు సంగతి చెప్పాను. ఆవిడ నమ్మలేదు. చివరికి ఉండ తీసి నోట్లో వేసుకున్నారు.

మంగ గుమ్మంలో నిలబడింది. బంగార్రాజు పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు. రత్నమాణిక్యంగారి బుగ్గ కదిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నమలడం ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు. ఆఖరున వేళ్ళకంటిన నెయ్యి చూసుకుని, ఎవరూ చూడడం లేదనుకుని చప్పరించారు.

"తాటిబెల్లం వెయ్యాలని ఎవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదండి. ఆ రుచి నాకు తెలుసు."

"ఎలాగండీ? మగవారు కదా!"

పాపాయమ్మగారికి చెప్పిందే మళ్ళీ చెప్పాను, వియ్యాలవారి ముందు కావడంతో చెవులు కాస్త వేడెక్కుతుండగా. పేపరు వెనక అల్లుడి భుజాలు కదిలాయి. రత్నమాణిక్యంగారు మాత్రం నవ్వలేదు. డబ్బా మూత పెట్టి, మెల్లగా అన్నారు.

"మా వారూ మా పుట్టింటికి వచ్చేవారండి. గుమ్మంలో నిలబడి, బాగున్నావా అని అడిగి, మా నాన్నతో పొలం వెళ్ళిపోయేవారు. ఆ కారమంతా నేనొక్కదాన్నే తిన్నాను." అని లోపలికి తిరిగి, "మంగా, పెట్టె సర్దుకోవే. మధ్యాహ్నం రైలుకి మీ నాన్నగారితో వెళుతున్నావు," అన్నారు.

మంగ పెట్టె అప్పటికే సర్దేసి ఉంది.

వానలు వెనకపట్టాక, ఒక తెల్లని ఉదయం, తల్లి మంచం మీద మంగ ఆడపిల్లను కంది. నర్సు కృపమ్మగారు పిల్లను నా చేతుల్లో పెట్టారు. కాయం సంగతి అడిగితే, "పెట్టండి, కాని ఉసిరికాయంత చాలు. అన్నం, పాలు బాగా తిననివ్వండి. కాయంతోనే కడుపు నింపెయ్యకండి," అన్నారు. నా ఆతృత ఆవిడకు తెలిసినట్టుంది.

రోజూ పొద్దున అదే గొడవ. "నాన్నా, మండిపోతోంది. రేపు తింటా." "రేపటిది రేపు తిందువుగాని, ఇవాళ్టిది ఇవాళ తిను." అచ్చం తల్లి ఓర్పే. ఉసిరికాయంత ఉండ తినడానికి గంట పట్టేది.

పురుడు వెళ్ళాక మొదటి ఆదివారం బంగార్రాజు పొద్దుటి రైలుకి వచ్చాడు. నేను గిన్నెలో ఉండ పెట్టి మంగ చేతికిచ్చి, అతనికి కాఫీ తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి గిన్నె ఖాళీ. మంగ కళ్ళు పొడిగా, హాయిగా ఉన్నాయి. అల్లుడు మాత్రం ముక్కు ఎర్రగా చేసుకుని, నీళ్ళు నిండిన కళ్ళతో ఇంటి కప్పు కేసి శ్రద్ధగా చూస్తున్నాడు.

"అల్లుడుగారొచ్చిన రోజునే పిల్ల కాయం చక్కగా తింటోంది," అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి బయటికి వచ్చాక, నాకే వినబడింది. కాఫీ గ్లాసు అల్లుడి చేతికిచ్చి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ముందు పీట మీద కూచున్నాను. ఇన్నేళ్ళుగా నాకు తట్టనే లేదు, ఆదివారం నాడు మాత్రమే ఆ ఉండ నిమ్మకాయంత ఎందుకుండేదో. లోపల మంగ నవ్వుతోంది. పాప లేచినట్టుంది, బంగార్రాజు ఏదో పాట ఎత్తుకున్నాడు. నేనూ ఒక్కణ్ణే, పొయ్యి ముందు, చాలాసేపు నవ్వుకున్నాను.

ఆ మరుసటి శనివారం సాయంత్రం, మర్నాటి కోసం ఉండ చుడుతూ, నేతి చేత్తో గిన్నెలోంచి ఇంకొంచెం ముద్ద తీసి కలిపాను.